బొమ్మకు ఒక గోడ కావాలి

ఆర్ట్ కాలేజీ విద్యార్థుల పనిని నలుగురూ చూసే చోట పెట్టడం ఎందుకు అవసరం? అందులో మనం చేయగలిగింది ఏమిటి?



పాట నేర్చుకునే పిల్లలకు శ్రీరామనవమి పందిరి ఉంది. కూచిపూడి నేర్చుకునే వాళ్లకు రంగప్రవేశం ఉంది. క్రికెట్ ఆడే వాళ్లకు గ్రౌండ్ ఉంది, ప్రాజెక్టు చేసే వాళ్లకు సైన్స్ ఫెయిర్ ఉంది. మరి నాలుగేళ్లు బీఎఫ్ఏ చదివి, వందల స్కెచ్‌లు, పదుల పెయింటింగులు వేసిన విద్యార్థికి ఏముంది? చాలామంది విషయంలో జరిగేది ఇదే: పరీక్షల రోజున ఎగ్జామినర్లు వచ్చి చూస్తారు, మార్కులు వేస్తారు, వెళ్లిపోతారు. ఆ తర్వాత కాన్వాసులు హాస్టల్ మంచం కిందకో, ఇంట్లో అటక మీదకో చేరతాయి.

మీ అమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతిలోనే ఉండొచ్చు. మీ అబ్బాయి లెక్కల నోట్స్ చివరి పేజీల్లో బొమ్మలు వేస్తూ ఉండొచ్చు. ఇంకో రెండు మూడేళ్లలో వాళ్లలో కొందరు మీ దగ్గరకొచ్చి, "నేను ఫైన్ ఆర్ట్స్ చదువుతాను" అంటారు. అప్పుడు మనకు మొదట వచ్చే ప్రశ్న, "అది చదివితే ఏమవుతుంది?" అని. ఆ ప్రశ్న అడగడంలో తప్పేమీ లేదు. అయితే దానికి జవాబు కాలేజీ పేరులోనో, సర్టిఫికెట్‌లోనో మాత్రమే దొరకదు. ఆ విద్యార్థి వేసిన బొమ్మ ఎంతమంది కంట పడుతుంది, ఎక్కడ కనబడుతుంది అన్నదాని మీద కూడా చాలా ఆధారపడి ఉంటుంది. ఈ నెల వ్యాసం దాని గురించే.

నలుగురూ చూస్తే ఏం మారుతుంది?

క్లాసులో బొమ్మను చూసేవాళ్లు టీచరు, తోటి విద్యార్థులు. వాళ్లందరికీ ఒకే భాష తెలుసు. కంపోజిషన్, టోన్, టెక్స్చర్ లాంటి మాటలు వాళ్ల మధ్య చెల్లుతాయి. ఒక లైబ్రరీ వరండాలోనో, బస్టాండు పక్క హాల్లోనో అదే బొమ్మ పెట్టండి. అక్కడికి వచ్చే పెద్దాయనకు ఆ మాటలు తెలియవు. ఆయన ఆగి చూస్తాడు, లేదా చూడకుండా వెళ్లిపోతాడు. ఆగినవాళ్లు ఏ బొమ్మ దగ్గర ఆగారు, ఎంతసేపు నిలబడ్డారు, ఏమని అడిగారు అన్నది విద్యార్థి స్వయంగా చూస్తాడు. తరగతి గదిలో ఈ పాఠం దొరకదు.

ప్రదర్శన పెట్టడమంటే మేకులు కొట్టి బొమ్మలు తగిలించడం ఒక్కటే కాదు. అందులో ఎన్ని పనులు ఉంటాయో ఒకసారి చూడండి.

మొదటిది ఎంపిక. 40 బొమ్మల్లో 8 మాత్రమే పట్టే గోడ ఉంటే, ఏ 32 పక్కన పెట్టాలో తేల్చుకోవాలి. తనకు బాగా ఇష్టమైన బొమ్మే తీసేయాల్సి రావచ్చు.

రెండోది కొలత. మ్యూజియంలలో సాధారణంగా బొమ్మ మధ్యభాగం నేల నుంచి దాదాపు 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా తగిలిస్తారు. నిలబడి చూసేవాళ్లకు అది కంటి ఎత్తు. మనం ఇళ్లలో ఫొటోలు తలుపు పైన తగిలిస్తాం కాబట్టి, మొదటిసారి ప్రదర్శన పెట్టే విద్యార్థులు కూడా బొమ్మలను పైకి తీసుకెళ్లిపోతారు. చూసేవాళ్ల మెడ నొప్పి పుడితే గానీ తెలియదు!

మూడోది వెలుగు. ఎదురుగా లైటు పెడితే అద్దం మీద మెరుపు వస్తుంది తప్ప బొమ్మ కనిపించదు. పైనుంచి కాస్త ఏటవాలుగా పడాలి. నేరుగా ఎండ తగిలితే వాటర్ కలర్ వెలిసిపోతుంది.

నాలుగోది పరిచయం. బొమ్మ పక్కన చిన్న కాగితం మీద వేసినవారి పేరు, బొమ్మ పేరు, వాడిన రంగులు, కొలతలు, సంవత్సరం రాస్తారు. అమ్మకానికి ఉంటే ధర కూడా. మూడు వాక్యాల్లో తన పని గురించి రాయమంటే చాలామంది విద్యార్థులు తడబడతారు. బొమ్మ వేయడం కంటే అదే కష్టమంటారు.

వీటికి తోడు ప్యాకింగ్, రవాణా, ఆహ్వానాలు, కాపలా, వచ్చిన వాళ్లతో మాట్లాడటం. ఇవన్నీ కలిసి చేస్తేనే ప్రదర్శన. టీమ్ వర్క్, టైమ్ మేనేజ్‌మెంట్, కమ్యూనికేషన్ అని మనం వేరే క్లాసులు పెట్టి నేర్పించాలనుకునేవి ఇక్కడ పనిలోనే వచ్చేస్తాయి.

మరి గ్యాలరీలు ఉన్నాయి కదా?

ఉన్నాయి. కానీ ప్రైవేటు గ్యాలరీ ఒక వ్యాపారం. దానికి అద్దె, కరెంటు, జీతాలు ఉంటాయి. అందుకే అప్పటికే పేరున్న ఆర్టిస్టుల వైపు మొగ్గుతుంది. అద్దెకిచ్చే గ్యాలరీలకు విద్యార్థి డబ్బు కట్టలేడు.

ముంబైలోని జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ సంగతి చూడండి. 1952లో కాలా ఘోడా ప్రాంతంలో మొదలైంది. దేశంలో ఎంతోమంది ఆర్టిస్టులకు అక్కడ ఒక్కసారి ప్రదర్శన పెట్టడం పెద్ద కల. దానికోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే వాళ్లున్నారు. అదే గ్యాలరీ బయట ఫుట్‌పాత్ మీద మాత్రం ఆర్టిస్టులు బొమ్మలు పెట్టుకుని కూర్చుంటారు. ఆఫీసుకు వెళ్లేవాళ్లు, కాలేజీ పిల్లలు, టూరిస్టులు ఆ దారినే నడుస్తూ చూస్తారు. లోపలికి టికెట్ లేకపోయినా, మెట్లు చూసి "ఇది మనలాంటి వాళ్లకు కాదేమో" అని వెనక్కి తగ్గే మనిషి ఫుట్‌పాత్ మీద బొమ్మను మాత్రం మొహమాటం లేకుండా చూస్తాడు.

పబ్లిక్ స్పేస్ విలువ అక్కడే ఉంది. ఆర్ట్ చూడాలని బయలుదేరని మనిషి కంట కూడా ఆర్ట్ పడుతుంది.

దారి చూపిన నాలుగు చోట్లు

ఈ పని మన దేశంలో చాలాకాలంగా రకరకాలుగా జరుగుతోంది. నాలుగు ఉదాహరణలు చూద్దాం.

శాంతినికేతన్‌లోని కళాభవన్ 1919లో మొదలైంది. అక్కడ చాలాకాలం పెద్ద దిక్కుగా ఉన్న చిత్రకారుడు నందలాల్ బోస్ 1882 డిసెంబరు 3న పుట్టారు. ఆయన పుట్టినరోజుకు ముందు, డిసెంబరు 1, 2 తేదీల్లో కళాభవన్ ఆవరణలో 'నందన్ మేళా' జరుగుతుంది. విద్యార్థులు, అధ్యాపకులు కలిసి చేసిన గ్రీటింగ్ కార్డులు, ప్రింట్లు, మట్టి పాత్రలు, చిన్న చిన్న శిల్పాలు అక్కడ అమ్ముతారు. మామూలు కుటుంబాలు కూడా కొనగలిగే ధరలే ఉంటాయి. వచ్చిన డబ్బు విద్యార్థుల సహాయ నిధికి వెళ్తుంది. అంటే ఒక విద్యార్థి చేసిన కార్డు, ఇంకో విద్యార్థికి కష్టకాలంలో మందుల ఖర్చు కావచ్చు.

బరోడాలోని మహారాజా సయాజీరావు యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ 1950లో ఏర్పడింది. అక్కడ చదువు సంవత్సరం చివర విద్యార్థుల పని మొత్తాన్ని ప్రదర్శనగా పెట్టి ఊరివాళ్లను చూడనిచ్చే అలవాటు ఉంది. మన వాళ్లకు ఆ కాలేజీతో దగ్గరి అనుబంధమే ఉంది. మెదక్ ప్రాంతంలోని నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మా గౌడ్, కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం, ఇద్దరూ హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివి, తర్వాత బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. వైకుంఠం బొమ్మల్లో పెద్ద బొట్టు, రంగురంగుల చీరలతో కనిపించే తెలంగాణ పల్లె స్త్రీలను మీరు ఏ క్యాలెండర్ మీదో, ఏ ఆఫీసు గోడ మీదో చూసే ఉంటారు.

బెంగళూరులో కర్ణాటక చిత్రకళా పరిషత్ ఏటా జనవరిలో ఒక ఆదివారం 'చిత్ర సంతె' నిర్వహిస్తుంది. సంత అంటే మనకు తెలిసిన సంతే. ఆ రోజు కుమారకృపా రోడ్డు మీద వాహనాలు ఆపేసి, రోడ్డు పొడవునా బొమ్మలు పెడతారు. వేర్వేరు రాష్ట్రాల నుంచి వెయ్యిమందికి పైగా ఆర్టిస్టులు వస్తారు. పేరున్నవాళ్ల పక్కనే విద్యార్థులూ కూర్చుంటారు. పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని తిరిగే నాన్నలు, బేరమాడే అమ్మలు, ఐస్‌క్రీమ్ బండ్లు, అన్నీ ఉంటాయి. బొమ్మ కొనడమనేది ఆ ఒక్కరోజు కూరగాయలు కొన్నంత మామూలు పని అవుతుంది.

నాలుగోది కొచ్చి. 2012 డిసెంబరు 12న అక్కడ కొచ్చి ముజిరిస్ బినాలే మొదలైంది. బినాలే అంటే రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన. ఫోర్ట్ కొచ్చి, మట్టాంచేరి ప్రాంతాల్లో ఒకప్పుడు మిరియాలు, యాలకులు నిల్వ చేసిన పాత గోదాములు, పాత భవనాలు ప్రదర్శనశాలలుగా మారాయి. రెండో విడతకు, 2014లో, దానితో పాటే 'స్టూడెంట్స్ బినాలే' మొదలుపెట్టారు. 15 మంది యువ క్యూరేటర్లు దేశంలోని 37 ప్రభుత్వ ఆర్ట్ కాలేజీలకు వెళ్లి, విద్యార్థుల పని చూసి, ఎంచి తెచ్చారు. క్యూరేటర్ అంటే ఏ బొమ్మ పెట్టాలి, దేని పక్కన ఏది ఉండాలి, చూసేవాళ్లకు ఎలా అర్థమవ్వాలి అని ఆలోచించి ప్రదర్శనను తీర్చిదిద్దే వ్యక్తి.

ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, పెద్ద నగరాల్లోని పేరున్న కాలేజీల విద్యార్థులకు అవకాశాలు ఎలాగూ వస్తాయి. నిధులు లేని, స్టూడియోలు సరిగా లేని కాలేజీలో చదివే విద్యార్థి దగ్గరకు ఎవరూ వెళ్లరు. స్టూడెంట్స్ బినాలేలో క్యూరేటర్లే ఆ కాలేజీల దాకా వెళ్లారు. అంతర్జాతీయ ఆర్టిస్టుల పనిని చూడటానికి వచ్చిన ప్రేక్షకులే, నాలుగడుగులు వేసి ఆ విద్యార్థుల పనినీ చూశారు.

మన దగ్గర సంగతి

ఈ కథకు తెలుగునాట వందేళ్ల చరిత్ర ఉంది. రాజమహేంద్రవరంలో 1897లో పుట్టిన దామెర్ల రామారావు చిన్నప్పుడు గోడల మీదా, పుస్తకాల మీదా బొమ్మలు వేసే కుర్రాడు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ చేతిలోని నేర్పును గుర్తించి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్లేలా ప్రోత్సహించారు. రామారావు చదువు ముగించి తిరిగొచ్చి, సొంత ఊళ్లోనే చిత్రకళ నేర్పే ప్రయత్నం మొదలుపెట్టారు. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు. అంత తక్కువ కాలంలో వేసిన బొమ్మలు తలా ఒకటి పట్టుకుపోయి ఉంటే, ఈరోజు మనకు ఆయన పేరు తప్ప ఏమీ మిగిలేది కాదు. కుటుంబ సభ్యులు, వరదా వెంకటరత్నం లాంటి మిత్రులు వాటిని ఒకచోట కాపాడారు. ఈరోజు రాజమహేంద్రవరంలో ఆయన పేరుతో ఉన్న ఆర్ట్ గ్యాలరీలో ఆ బొమ్మలు చూడొచ్చు. గోదావరి పుష్కర ఘాట్ చూడటానికి వెళ్లే కుటుంబాలు ఇంకో గంట కేటాయిస్తే చాలు.

ఇప్పటి సంగతికి వస్తే, హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ ఉంది. విశాఖపట్నంలో ఆంధ్ర యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగం, కడపలో 2020లో ఏర్పడిన డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉన్నాయి. ప్రదర్శనల కోసం మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. నెక్లెస్ రోడ్డు దగ్గర ఎం.ఎస్. మఖ్తా బస్తీలో చాలా ఇళ్ల గోడలు మ్యూరల్స్‌తో నిండి ఉంటాయి. అక్కడ ప్రదర్శనశాల అంటూ వేరే లేదు. బస్తీయే ప్రదర్శన.

అయినా జిల్లా కేంద్రాల్లో, చిన్న పట్టణాల్లో ఇలాంటి చోటు దొరకడం కష్టమే. కల్యాణ మండపం లేని ఊరు ఉండదు, సినిమా హాలు లేని పట్టణం ఉండదు. బొమ్మలు పెట్టుకోవడానికి మాత్రం ఒక మంచి గోడ దొరకదు. ఖాళీ గోడలు లేక కాదు. ఆ గోడ అందుకు పనికొస్తుందని ఎవరికీ తోచక.

జాగ్రత్తలు కూడా తెలుసుకోవాలి

బయట ప్రదర్శన అంటే సరదాతో పాటు బాధ్యత కూడా. పిల్లలు ఉత్సాహంలో మరచిపోయేవి పెద్దలు గుర్తు చేయాలి.

అనుమతి: ఖాళీగా కనిపించిన గోడ అంతా మనది కాదు. ప్రైవేటు గోడైతే యజమాని, ప్రభుత్వ గోడైతే మున్సిపాలిటీ లేదా ఆ శాఖ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. బహిరంగ ప్రదేశాలను పాడుచేయడాన్ని నిషేధించే చట్టం మన దగ్గర 1997 నుంచి ఉంది. ఎంత అందమైన బొమ్మైనా, అనుమతి లేకపోతే చిక్కే.

గోడ పరిస్థితి: చెమ్మ పట్టిన గోడ మీద రంగు పొరలుగా ఊడిపోతుంది. సున్నం వేసిన గోడ మీద నేరుగా వేస్తే పొడిలా రాలుతుంది. ముందు గీకి, ప్రైమర్ వేయాలి. కాగితం మీద వేసిన బొమ్మలకు వానాకాలంలో బూజు పడుతుంది. ఆయిల్ పెయింటింగ్ ఆరడానికి రోజులు, మందంగా వేస్తే నెలలు పడుతుంది. పచ్చిగా ఉండగానే చుట్టి ఆటోలో వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఉచిత పని: ఇది ముఖ్యమైన విషయం. "మా షాపు గోడ మీద వేయండి, మీకు పేరొస్తుంది" అని విద్యార్థులను అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. నేర్చుకునే దశలో కొంత ఉచితంగా చేయడం తప్పు కాదు. కానీ రంగులు, నిచ్చెన, భోజనం, ప్రయాణం ఎవరి ఖర్చు? బొమ్మ కింద విద్యార్థి పేరు ఉంటుందా? ఆ బొమ్మ వ్యాపార ప్రచారానికే అయితే డబ్బు ఎందుకు ఇవ్వరు? పని మొదలుపెట్టకముందే ఈ ప్రశ్నలు అడగాలి. పెయింటర్‌కు, మేస్త్రికి కూలి ఇచ్చినప్పుడు, చిత్రకారుడికి ఇవ్వకపోవడానికి కారణం ఉండకూడదు.

కాపీరైట్: విద్యార్థి తన ఇష్టంతో వేసుకున్న బొమ్మను అమ్మినంత మాత్రాన కాపీరైట్ కొన్నవారికి వెళ్లిపోదు. కొన్నవారు దాన్ని గోడకు తగిలించుకోవచ్చు, టీషర్టుల మీద ముద్రించి అమ్మకూడదు. డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న పెయింటింగ్ అయితే లెక్క మారుతుంది. వేరే ఒప్పందం లేకపోతే వేయించుకున్నవారే హక్కుదారు కావచ్చు. అందుకే ఒక పేజీ కాగితం మీదైనా ముందే రాసుకోవాలి.

గౌరవం: 1957 కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం, తన పని కింద తన పేరు ఉండాలని, తన గౌరవానికి భంగం కలిగేలా ఆ పనిని పాడుచేయకూడదని కోరే హక్కు కళాకారుడికి ఉంటుంది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం పెద్ద కంచు మ్యూరల్ చేశారు. 1979లో మరమ్మతుల పేరుతో దాన్ని ఆయనకు చెప్పకుండానే తొలగించారు. ఆయన కోర్టుకు వెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలిన భాగాలను ఆయనకు తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పు ఇచ్చింది. బహిరంగ ప్రదేశంలో ఉన్నంత మాత్రాన ఆ పని దిక్కులేనిది కాదని ఆ తీర్పు చెప్పింది. ఆర్ట్ చదవాలనుకునే పిల్లలకు ఈ కేసు గురించి తప్పకుండా చెప్పండి.

"దీనివల్ల ఉద్యోగం వస్తుందా?"

నిజాయితీగా చెప్పాలంటే, ఒక ప్రదర్శన వల్ల ఉద్యోగం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పెట్టిన పది బొమ్మల్లో ఒక్కటీ అమ్ముడుపోని ప్రదర్శనలు చాలా ఉంటాయి. ఇరవై ఏళ్ల వయసులో ఆ నిరాశ చిన్నది కాదు. రెండు రోజులు అలా బొమ్మల పక్కన నిలబడి, ఎవరూ కొనకుండా సాయంత్రం వాటిని తిరిగి ప్యాక్ చేసుకునే అమ్మాయికి ఇంటినుంచి వచ్చే ఫోన్‌లో "ఎన్ని అమ్ముడుపోయాయి?" అన్నదే మొదటి మాట అయితే ఎలా ఉంటుందో ఆలోచించండి. "ఎవరెవరు వచ్చారు? ఏమన్నారు?" అని అడిగి చూడండి. అదే విషయం, కానీ ఆ అమ్మాయికి చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

అయితే ప్రదర్శనలో చేసిన పని వృథా పోదు. యానిమేషన్, గ్రాఫిక్ డిజైన్, సినిమా ఆర్ట్ డైరెక్షన్, పుస్తకాల బొమ్మలు, ఇంటీరియర్స్, మ్యూజియంలు, ఆర్ట్ టీచింగ్, ఏ దారిలో వెళ్లినా పోర్ట్‌ఫోలియో అడుగుతారు. ప్రదర్శన పెట్టిన విద్యార్థి దగ్గర ఎంచుకున్న పని, మంచి ఫొటోలు, తన మాటల్లో రాసిన పరిచయం అప్పటికే సిద్ధంగా ఉంటాయి. ఇంటర్వ్యూలో తన పని గురించి మాట్లాడటం కొత్త కాదు. వందమంది అపరిచితులకు అప్పటికే చెప్పి ఉంటాడు.

పదో తరగతి, ఇంటర్ తల్లిదండ్రుల కోసం ఒక మాట. తెలంగాణలో బీఎఫ్ఏ, డిజైన్ కోర్సుల ప్రవేశాలకు ఎఫ్ఏడీఈఈ, ఆంధ్రప్రదేశ్‌లో ఏడీసెట్ అనే పరీక్షలు ఉన్నాయి. రెండింటికీ ఇంటర్ పాసై ఉండాలి. ఎంపీసీ, బైపీసీయే చదివి ఉండాలన్న నియమం లేదు. ఆ ఏడాది నోటిఫికేషన్ చూసి వివరాలు సరిచూసుకోండి. కాలేజీని ఎంచుకునేటప్పుడు ఫీజు, హాస్టల్‌తో పాటు ఇంకో ప్రశ్న కూడా అడగండి: "మీ విద్యార్థుల పనిని బయటివాళ్లు ఏడాదిలో ఎన్నిసార్లు చూస్తారు? ఎక్కడ?" జవాబు వెంటనే, స్పష్టంగా వస్తే అది మంచి సూచన.

మనం ఏం చేయొచ్చు?

మీ అబ్బాయి, అమ్మాయి ఆర్ట్ చదవకపోయినా ఈ విషయంలో మీ పాత్ర ఉంటుంది. ఎందుకంటే ప్రదర్శనకు గోడ ఎంత అవసరమో, చూసే మనిషీ అంతే అవసరం.

వెళ్లి చూడండి. చదువు సంవత్సరం చివర ఆర్ట్ కాలేజీల్లో విద్యార్థుల ప్రదర్శనలు జరుగుతుంటాయి. ఫోన్ చేసి కనుక్కోండి. మాల్‌కు వెళ్లే ఆదివారాల్లో ఒకటి దీనికి ఇవ్వండి. తాతయ్యను, అమ్మమ్మను కూడా తీసుకెళ్లండి. ముగ్గుల్లో చుక్కల లెక్క తెలిసిన అమ్మమ్మకు డిజైన్ గురించి మనకంటే ఎక్కువ తెలిసి ఉండొచ్చు.

ప్రశ్నలు అడగండి. "ఇదేం బొమ్మ?" అంటే విద్యార్థి బిక్కచచ్చిపోతాడు. "దీన్ని ఎక్కడ మొదలుపెట్టారు?", "ఈ రంగే ఎందుకు వేశారు?", "ఇందులో ఏది కష్టమైంది?" అని అడగండి. మీ పిల్లలతో కూడా అడిగించండి. నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చు, ఎందుకో కూడా చెప్పండి.

వీలైతే కొనండి. అన్నీ వేలల్లో ఉండవు. చిన్న ప్రింట్లు, కార్డులు తక్కువ ధరకే దొరుకుతాయి. గృహప్రవేశానికి ఇచ్చే గోడ గడియారం బదులు ఒక విద్యార్థి వేసిన బొమ్మ ఇస్తే, అది ఆ ఇంట్లో ఇంకొకటి ఉండదు. ధర ఎక్కువనిపిస్తే చిన్న బొమ్మ అడగండి, బేరం మాత్రం మరీ గట్టిగా చేయకండి.

గోడ ఇవ్వండి. మీలో డాక్టర్లున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు, హోటళ్లు, షోరూమ్‌లు నడిపేవాళ్లున్నారు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లలో ఉన్నవాళ్లున్నారు. క్లినిక్ వెయిటింగ్ హాల్‌లో అరగంట కూర్చునే మనిషికి పాత క్యాలెండర్ బదులు ఒక విద్యార్థి బొమ్మ కనిపిస్తే చాలు. దగ్గర్లోని ఆర్ట్ కాలేజీతో మాట్లాడి, నెలకో రెండు నెలలకో బొమ్మలు మార్చేలా ఏర్పాటు చేసుకోండి. అప్పుడు ఐదు విషయాలు రాసుకోండి: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని బొమ్మలు, పాడైతే ఎవరి బాధ్యత, అమ్ముడుపోతే డబ్బు ఎవరికి, ఫొటోలు ఎక్కడ వాడతారు. ప్రతి బొమ్మ పక్కనా విద్యార్థి పేరు రాసిన చీటీ, హాలు మూలన అభిప్రాయాలు రాయడానికి ఒక నోట్‌బుక్ పెట్టండి. ఆ నోట్‌బుక్ చివరికి విద్యార్థి చేతికి ఇవ్వండి.

ఇంట్లోనూ ఒక చోటు ఇవ్వండి. పిల్లల గదిలో గోడకు ఒక దారం కట్టి, నాలుగు బట్టల క్లిప్పులు పెట్టండి. ఈ నెల ఏ నాలుగు బొమ్మలు పెట్టాలో వాళ్లనే తేల్చుకోమనండి. పేరు, తేదీ వాళ్లే రాయాలి. నెలాఖరున తీసిన బొమ్మలను ఒక ఫైల్‌లో పెట్టండి. పదో తరగతికి వచ్చేసరికి ఆ ఫైల్ చూస్తే, చేయి ఎలా ఎదిగిందో వాళ్లకే తెలుస్తుంది. ఒక్క షరతు: పక్కింటి పిల్లల బొమ్మతో పోల్చకండి. ర్యాంకులు ఇవ్వడానికి మనకు వేరే పరీక్షలు చాలానే ఉన్నాయి. 18 ఏళ్లలోపు పిల్లల బొమ్మలను సోషల్ మీడియాలో పెట్టేటప్పుడు స్కూల్ పేరు, సెక్షన్, ఇంటి వివరాలు కనిపించకుండా చూసుకోండి. పెట్టేముందు వాళ్లను కూడా అడగండి, అది వాళ్ల బొమ్మ.

మన పిల్లల్లో ఆర్టిస్టులయ్యేవాళ్లు కొందరే కావచ్చు. మిగిలినవాళ్లు ఇంజనీర్లు, డాక్టర్లు, అధికారులు, వ్యాపారులు అవుతారు. రేపు ఒక ఆఫీసు కట్టేటప్పుడు, ఒక ఆసుపత్రి గోడకు రంగు వేయించేటప్పుడు, ఒక పార్కుకు బడ్జెట్ రాసేటప్పుడు నిర్ణయం తీసుకునేది వాళ్లే. చిన్నప్పుడు అమ్మానాన్నలతో ఒక విద్యార్థి ప్రదర్శనకు వెళ్లి, ఆ బొమ్మ వేసిన అక్కతోనో అన్నతోనో మాట్లాడిన పిల్లలకు, అప్పుడు ఆ గోడను ఎవరికివ్వాలో గుర్తుంటుంది.

ఈ నెలలో మీరు కుటుంబంతో కలిసి ఏదైనా విద్యార్థుల ప్రదర్శన చూస్తే, అక్కడ మీ పిల్లలు అడిగిన ఒక మంచి ప్రశ్నను స్కూల్ డైరీలో రాసి క్లాస్ టీచరుకు పంపండి. మీ క్లినిక్‌లోనో, షోరూమ్‌లోనో, అపార్ట్‌మెంట్ హాల్లోనో ఖాళీ గోడ ఉంటే, ఆ సంగతి మీ బ్రాంచి ఆర్ట్ టీచరుకు చెప్పండి.